పెరటి నాటు కూరగాయలు – విత్తనము చెడకుండ నిలుపుకొను విధము

తెలంగాణపు పల్లెలలో దొడ్డి లేని రైతు గృహము అరుదు. స్నానపు నీరు పారుచోట నాలుగు వంగమొక్కలు, కొట్టము కప్పుమీదికి ప్రాకిన సొరతీగ, కంచెకు అల్లుకొన్న చిక్కుడు, పెంటకుప్ప ప్రక్కన తానై మొలచిన దోస, ఇవి ప్రత్యేకముగ సాగుచేయబడినవి కావు. ఇంటి యాడువారు ఏటేట గింజ దాచి తొలకరిలో నాటుచు వచ్చినవి. అట్టి గింజకు అంగడిలో వెల లేదు, అంగడిలో దొరకదు కూడ. ఒక్క యేడు దాచుట మరచిన యెడల ఆ రకము ఆ యింట లేకుండ పోవును. ఇరుగుపొరుగువారి యింట లేనిచో ఊరినుండియే పోవును. అటుపై ఎంత ధనము పెట్టినను తిరిగి రాదు.

అంగడి విత్తనము ఇంటి విత్తనము స్థానమును ఆక్రమించుట చాల కాలము క్రిందట మొదలైనది. 1988లో కేంద్ర ప్రభుత్వము క్రొత్త విత్తన విధానమును ప్రకటించి కూరగాయ విత్తనముల దిగుమతికి వెసులుబాటు కలిగించిన పిమ్మట సంకరజాతి విత్తనము ఊరూర పొట్లములలో లభింపసాగెను. ఈ సంకరజాతులు చెడ్డవని చెప్పుట న్యాయము కాదు. సంతకు పండించు రైతునకు ఒకే పరిమాణము, ఒకే రంగు, అధికమైన దిగుబడి కావలెను. అవి సంకరజాతుల వలన లభించును. అయితే ఆ కాయల గింజను దాచి మరుసటి యేట విత్తిన యెడల మొక్కలు ఒక తీరున రావు. రెండు వేరు వంశములను కలిపి తీసిన విత్తనమగుటచే మొదటి తరమున కలసియున్న గుణములు రెండవ తరమున విడిపోవును. ఒక మొక్క పొడుగు కాయ కాయును, ఒకటి గుండ్రని కాయ కాయును, ఒకటి కాయనే కాయదు. కావున సంకరజాతిని వేయు రైతు ఏటేట విత్తనము కొనక తప్పదు.

నాటు రకమనగా పలు తరములుగ ఒకచోట పండుచు, తన గింజనుండి తనవంటి మొక్కనే యిచ్చు రకము. అది ఈ దేశముననే పుట్టినదై యుండవలెనను నియమము లేదు. వంగ, దోస మనవి. మిరప, గుమ్మడి, టమాటా అమెరికా ఖండమునుండి వచ్చినవి. టమాటాను తెలంగాణమున రామములగ అని పిలుచుటయు, పులుపెక్కువగా గల చిన్న గాడుల కాయను పెద్దలు నేటికిని నాటు రామములగ అనుటయు కలదు. వచ్చి ఎన్నాళ్లయినదన్నది కాదు, ఇక్కడి నేలకు, ఎండకు, ఇక్కడివారి నోటికి అలవడినదా లేదా యన్నదే లెక్క.

నాటు రకములన్నియు సకలగుణ సంపన్నములని భ్రమింపరాదు. ఏడెనిమిది పలకల నాటు బెండ రుచికి మేలైనదే గాని ఈనెలు పసుపుబారు శంఖురోగమునకు త్వరగ లొంగును. పెక్కు నాటు వంగలు ఆలస్యముగ కాపునకు వచ్చును. అయినను పెరటికి కావలసినది ఒక్కసారిగ గంపెడు కాయ కాదు. నాలుగైదు మాసములు వంటకు సరిపడు కాయ. ఆ పనికి నాటు రకము చక్కగ తగును. ఇంటిల్లిపాదికి గుంటెడు భూమి చాలును.

నాటు రకమును పెంచుట కష్టము కాదు. దానిని కలగలుపు కాకుండ కాపాడుటయే కష్టము. రైతులు తరచుగ పొరబడునది ఇచ్చటనే కావున ఆ విషయమును ముందుగ వివరింపవలసియున్నది.

దోసకాయ చేదగుటకు కారణము

వంటయింట దోసకాయను తరిగిన వెంటనే చిన్న ముక్కను నోట వేసికొని చేదు చూచుట తెలుగు వారికి అలవాటు. ఒక్క చేదు కాయ పప్పంతయు పాడుచేయును. చేదు కాయ తగిలినపుడు కొందరు నేలను, కొందరు ఎరువును, కొందరు ప్రక్కన వేసిన కీరదోసను నిందింతురు. నీటి యెద్దడిచే చేదు కొంత హెచ్చుట కలదు. కాని కీరదోసకు ఇందులో పాత్ర లేదు. పసుపుపచ్చని కూరదోసయు, కీరదోసయు పేరున చుట్టములే గాని జాతి వేరు. ఒకదాని పుప్పొడి మరొకదానికి పట్టదు. కూరదోసకు నిజమైన చుట్టములు ఖర్బూజ, నక్కదోస, మరియు జొన్నచేలలో ప్రత్తిచేలలో తొలకరి వానలకు తానై మొలచు చిట్టి బుడమకాయ. ఇవన్నియు ఒకే జాతి. తేనెటీగ వీనిలో ఒకదానినుండి మరొకదానికి పుప్పొడి మోసినచో విత్తనము కట్టును. చేలగట్ల మీది బుడమలలో చేదువి అధికము. చేదు, తీపి కలసినపుడు సాధారణముగ చేదుగుణమే పైకి వచ్చును.

ఇక్కడ రైతులు ముఖ్యముగ గ్రహింపవలసిన సూక్ష్మ మొకటి గలదు. ఈ యేట బుడమ పుప్పొడి తగిలిన దోసపువ్వు చేదు కాయను కాయదు. కాయ కండ తల్లితీగ శరీరమే. తల్లి తియ్యనిదైన యెడల కాయయు తియ్యగనే యుండును. తండ్రి గుణము కాయలోపలి గింజలో దాగియుండి, ఆ గింజ మొలచి తీగయై కాచినపుడు మాత్రమే బయటపడును. అనగా విత్తనమునకు దాచు కాయను రుచి చూచి, చేదు లేదని సంతోషించి గింజ తీసిన గృహిణి తల్లిని మాత్రమే పరీక్షించినట్లు. తండ్రి యెవ్వరో ఆమెకు తెలియదు. మంచి కాయ గింజ వేసితిమే, చేదెట్లు వచ్చెనని మరుసటి యేట ఆశ్చర్యపడుటకు ఇదియే కారణము.

సొరకును ఈ విషయము వర్తించును. ఇంకను గట్టిగ వర్తించును. చేదు సొరలో నుండు విషపదార్థము తీవ్రమైన వాంతులు, రక్తముతో కూడిన విరేచనములు కలిగించును. చేదు సొరకాయ రసము త్రాగి ప్రాణములు కోల్పోయినవారును కలరు. సొరకాయ ముక్క నాలుకకు చేదు తోచిన మరుక్షణము కాయనంతయు పారవేయవలెను. ఉడికించినను ఉప్పు రాచినను దాని దోషము పోవునని నమ్మరాదు. అట్టి కాయ కాచిన తీగను వేరుతో పెరికివేయవలెనే గాని, తీగ బలముగ నున్నదని ఉపేక్షింపరాదు.

చేతితో పుప్పొడి పట్టించుట

సంకరము నరికట్టుటకు శాస్త్రజ్ఞులు చెప్పు దూరము తీగజాతులకు సుమారు వేయి గజములు. ఊరిమధ్య దొడ్డిలో అది సాధ్యము కాదు. పొరుగింటి తీగకు గోడయే హద్దు, తేనెటీగకు ఆ గోడయు హద్దు కాదు. కావున నాలుగు విత్తనపు కాయల మట్టుకు చేతితో పుప్పొడి పట్టించుట మేలు. పదేండ్ల పిల్లవాడు చేయదగిన పని ఇది.

తీగజాతులలో పువ్వులు రెండు విధములు. సన్నని తొడిమె మీద నిలుచునది మగపువ్వు. పువ్వు క్రింద చిట్టి పిందె గలది ఆడపువ్వు. మొదట మగపువ్వులే పూయును. వానిని చూచి తీగ గొడ్డువోయినదని దిగులుపడ నక్కరలేదు. దోస, గుమ్మడి ఉదయమున విచ్చును. కావున ముందునాటి సాయంకాలము, మరునాడు విచ్చబోవు మొగ్గలను రంగు తిరుగుటచే గుర్తించి, ఆడమొగ్గలను మగమొగ్గలను కొనలయందు దారముతో మెత్తగ కట్టవలెను. సూర్యోదయము కాగానే మగపువ్వును త్రుంచి, రేకులు ఒలిచి, దాని నడిమి పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రమునకు నలుప్రక్కల రాచి, ఆడపువ్వును మరల కట్టివేయవలెను. పుప్పొడి నదే తీగనుండి గాక అదే రకపు వేరొక తీగనుండి తెచ్చుట మంచిది. పిందె తొడిమెకు ఎర్రదారము చుట్టినచో విత్తనపు కాయ యేదో ఇంట నందరికిని తెలియును. లేనిచో అది పప్పులో పడును.

కొన్ని దోసరకములలో పిందెగల పువ్వునందే పుప్పొడియు నుండును. అయినను ఈ పద్ధతినే యనుసరింపవచ్చును. సొరపువ్వు తెల్లనిది, సాయంకాలము విచ్చును, బీరయు సాయంకాలమే. నేతిబీర మాత్రము తెల్లవారుజామున విచ్చును. సొరకు, బీరకు మధ్యాహ్నమున మొగ్గలు కట్టి, ప్రొద్దు గుంకు వేళ పుప్పొడి పట్టింపవలెను. బూడిదగుమ్మడి, తియ్యగుమ్మడి ఒకదానితో నొకటి కలియవు. పేరును చూచి భయపడి వానిని దూరదూరముగ వేయుట వ్యర్థశ్రమ.

ఈ సందర్భమున ఒక మాట. భాద్రపదపు అమావాస్య మొదలుకొని బతుకమ్మ పండుగ దినములలో గుమ్మడిపూలకు, బీరపూలకు గిరాకి హెచ్చు. పిల్లలు చీకటితో లేచి దొడ్లన్నియు గాలించి పూలు కోయుదురు. మగపూలను కోసినచో నష్టము లేదు, తీగకు అవి కావలసినదానికంటె అధికముగనే పూయును. పిందె గల పువ్వును కోయరాదని, తీగకు కొన్ని మగపూలైనను విడువవలెనని వారికి ముందుగ చెప్పియుంచవలెను.

దోసకు పాదు మూరెడు వెడల్పు, మూరెడు లోతున త్రవ్వి, బాగుగ చివికిన పెంటయెరువు, చెరువుమట్టి సమముగ కలిపి నింపి, మృగశిర, ఆరుద్ర కార్తెలలో పాదుకు ఐదారు గింజలు అంగుళము లోతున నాటవలెను. మొలచిన తరువాత బలమైన రెండింటిని ఉంచి తక్కినవి తీయవలెను. చల్క నేలలో పాదు నేలమట్టముగ నుండవచ్చును. రేగడి నేలలో నీరు నిలిచి వేరు కుళ్లును గనుక మట్టి ఎగదోసి దిబ్బవలె చేసి నాటవలెను. రెండాకుల దశలో ఎర్రపెంకుపురుగు ఆకులను జల్లెడవలె తొలుచును. తెల్లవారి మంచు ఆరకముందు పొయ్యి బూడిద చల్లినచో అది కొంత తగ్గును. ఉదయపు చలిలో పురుగు మందముగ నుండుటచే చేతితో ఏరి చంపుటయు సులభమే. గంధకపు పొడి ఈ తీగలకు పడదు, ఆకులు మాడును.

విత్తనమునకు ఒక్క తీగను నమ్ముకొనరాదు. కనీసము ఐదారు తీగలు పెంచి, వానిలో మంచివాని కాయలనుండి గింజ తీసి కలిపి దాచవలెను. ఒకే తీగ గింజను తరతరములుగ వేయుచు వచ్చినచో వంశబలము తగ్గును.

వంగ

తెల్ల వంకాయ, పచ్చ చారల వంకాయ, తొడిమెకు ముండ్లుగల వంకాయ, గుత్తులుగ కాయు చిన్న వంకాయ, ఊరికొక తీరు వంకాయ తెలుగునాట కలదు. వంగపువ్వున ఆడ, మగ భాగములు రెండును ఉండుటచే తనలో తానే ఫలింపగలదు. అయినను తుమ్మెదల వలన పరాయి పుప్పొడియు తగులును. ఆ కలయిక ప్రదేశమును బట్టి నూటికి కొన్ని పూలు మొదలు నలుబది పూలదాక ఉండునని పరిశీలనలు తెలుపుచున్నవి. కావున తెల్ల వంగను, నల్ల వంగను ప్రక్కప్రక్క పెంచి గింజ దాచు రైతు రెండు మూడేండ్లలో రెండింటిని పోగొట్టుకొనును. మిరప కూడ అట్టిదే. కారములేని పెద్దమిరపను నాటు మిరప ప్రక్కన వేసి, గింజ తీసి విత్తిన యెడల మరుసటి తరమున కారము తేలును.

దీనికి రెండుపాయములు. విచ్చని మొగ్గలుగల కొమ్మకు పలుచని నూలుగుడ్డ సంచి తొడిగి నోరు కట్టి, పూలు విచ్చు దినములలో ఉదయమున కొమ్మను మెల్లగ కదల్చి, పిందె పడగానే సంచి తీసి తొడిమెకు దారము కట్టుట మొదటిది. ప్రతి పువ్వును నిలువదు. కీలము పొట్టిగ నుండు పూలు సహజముగనే రాలిపోవును. రెండవ యుపాయము ఇంకను సులభమైనది: ఏటికొక రకమునే పెంచుట. వంగగింజ ఆరబెట్టి దాచినచో మూడు నాలుగేండ్లు మొలచును. కావున ఈ యేట తెల్లవంగ, మీదియేట ముండ్లవంగ, ఆపై యేట గుత్తివంగ పెంచి, ఒక్కొక్క దాని గింజను మూడేండ్లకు సరిపడ తీసికొనవచ్చును. పొరుగువారితో మాటాడుకొని ఒక వాడ వారందరును ఆ యేట ఒక రకమే వేయుట మరియు మంచిది. ఈ యొప్పందమునకు ఖర్చు లేదు. అయినను ఎండ్ల తరబడి ప్రక్కప్రక్క నుండు ఇండ్లవారికి కూడ ఈ యాలోచన కలుగుట అరుదు.

వంగ, మిరప, రామములగ ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకదాని తరువాత ఒకటి అదేచోట వేసినచో వేరునుండి వచ్చు వడలు తెగులు బలపడును. వానికి మారుగ ఒక పంట చిక్కుడో ఆకుకూరయో వేయవలెను. కొమ్మ కొన వాడి వ్రేలాడినచో లోపల పురుగున్నదని గ్రహించి, వాడిన భాగమునకు రెండంగుళములు క్రిందుగ త్రుంచి కాల్చివేయవలెను. ఆ కొన నేలబడవేసినచో పురుగు బ్రతికి కాయకు మరలును.

ఇక విత్తనపు కాయను ఎన్నుకొనుటలో ఇండ్ల నెల్ల కానవచ్చు దోష మొకటి. మంచి కాయలన్నియు కూరకు కోసి, కాపు ముగిసిన వెనుక మొక్కమీద మిగిలిన ఆఖరి గిడసకాయను విత్తనమునకు విడుతురు. ఆ కాయ నీరసించిన మొక్కమీది పుచ్చుకాయ. ఇట్లు ఏటేట చేయుచు, మా వంగ పూర్వమువలె కాయదని చింతింతురు. విత్తనమునకు విడువవలసినది రెండవ, మూడవ కోతల నాటి చక్కని కాయ. కాయనొక్కదానిని గాక మొక్క నంతటిని చూడవలెను. తెగులు లేనిది, పలుకాయలు కాచినది, రకపు లక్షణములు గలది అయిన మొక్కకే దారము కట్టవలెను. రకమునకు పోలని మొక్క కనబడిన యెడల పూయకముందే తీసివేయవలెను. పూచిన తరువాత తీసిన ప్రయోజనము సగమే.

విత్తనపు వంకాయ నలుపైనను తెలుపైనను చెట్టున ముదిరి పసుపుబారువరకు ఉంచవలెను. దానిని కోసి నాలుగైదు దినములు నీడను ఉంచి, చీల్చి, నీటిలో పిసికినచో బలమైన గింజ అడుగున నిలుచును. తేలిన తాలును పారబోయవలెను. రామములగ గుజ్జును మాత్రము ఒకటి రెండు దినములు కుండలో పులియబెట్టి కడుగవలెను. గింజచుట్టు నుండు జిగురు అట్లే విడివడును. తడిగింజను కాగితము మీద ఎండబెట్టినచో అంటుకొనును. గుడ్డయో చాటయో మేలు.

చిక్కుడు, తమ్మ

పందిరి చిక్కుడు వేసిన కొందరు రైతులు తీగ విపరీతముగ పెరిగినది గాని పూయలేదని చెప్పుట కలదు. వేసిన కాలమే దానికి కారణము. నాటు చిక్కుడు పగలు కురుచబడి రాత్రి పొడుగైనపుడే పూయును. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో వేసిన తీగ వానకాల మంతయు పెరిగి, చలి మొదలగు వేళకు పూతకు వచ్చును. అదే గింజను సంక్రాంతి తరువాత వేసినచో పగళ్లు పెరుగుచుండుటచే తీగ ఆకులతో పందిరిని కప్పునే గాని కాయదు. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము గట్టి చిక్కుడాకులలో నైవేద్య ముంచు ఆచారమునకు తగినట్లు ఆ మాఘమాసమున చిక్కుడు నిండు కాపు మీద నుండును.

చిక్కుడు చాలవరకు తనలో తానే ఫలించును. తుమ్మెదలు కలుపునది స్వల్పము. తెల్లపువ్వు రకమును, ఊదాపువ్వు రకమును వేరు పందిళ్ల మీదికి ఎక్కించినచో పెరటికి చాలును. గింజ రంగు మారి కనబడినవానిని ఏరివేయవలెను. చిక్కుడుగింజకు శత్రువు గిడ్డంగి పురుగు. అది ఇంటిలో పుట్టునని తలచుట పొరబాటు. పందిరిమీద పండుచున్న కాయలపై గ్రుడ్లు పెట్టగా గింజలోనే ఇల్లు చేరును. కావున ఒలిచిన గింజను నిలువుంచక వెంటనే రెండు మూడు ఎండలు కాయబెట్టి, కొద్దిగ ఆముదము పట్టించియో, జల్లించిన బూడిదలో కలిపియో దాచవలెను.

తమ్మకాయను చెమ్మకాయ అనియు అందురు. చేటకత్తివలె జానెడు మించి పెరుగు ఈ కాయ నేడు పెక్కు ఊళ్లలో కనుమరుగగుచున్నది. ఒకసారి నాటినచో పందిరిని విడువదు, ఎద్దడికి ఓర్చును. లేతకాయను మాత్రమే కూరకు వాడవలెను. ముదిరిన గింజలో విషగుణము కలదు గనుక దానిని పిల్లలకు అందనీయక విత్తనమునకే ఉంచవలెను.

బోడకాకర

బోడకాకర సంగతి వేరు. దీనిని గింజతో పెంచబూనువారు తరచుగ ఆశాభంగము పొందుదురు. గింజ మొలచుటకు చాలకాలము పట్టును; మొలచినను మగతీగయో ఆడతీగయో పూచువరకు తెలియదు, ఏలయన ఈ జాతిలో ఆడ, మగ తీగలు వేరువేరు. అడవిగట్టున కాయ కాచిన తీగను వానకాలముననే గుర్తించి, ఆకులు ఎండిన వెనుక దాని గడ్డను త్రవ్వి తెచ్చి నాటుకొనవలెను. ఎనిమిది పది ఆడగడ్డలకు ఒక మగగడ్డ చాలును. అన్నియు ఆడగడ్డలే తెచ్చినచో పిందెలు పసుపుబారి రాలును. వేసవిలో గడ్డ నేలలో నిద్రించును. ఆ చోట దున్నకుండ గుర్తుగ పుల్ల పాతవలెను. అడవిలో ఉన్నవానిని అన్నిటిని త్రవ్వక సగము విడుచుట ధర్మము, లాభకరము కూడ. మరుసటి యేడు మగగడ్డ చచ్చినచో మరల వెళ్లవలసినది అచ్చటికే.

పుంటికూర, చుక్కకూర, తోటకూర, గంగవాయిలి మొదలగు ఆకుకూరల విషయమై చెప్పవలసినది కొద్ది. మంచి మొక్కలను పది పన్నెండింటిని కోయక విత్తనమునకు విడువవలెను. ముందుగ పూతకు పోవు మొక్కను విత్తనమునకు ఉంచరాదు; ఆలస్యముగ పూచునదియే ఎక్కువ ఆకునిచ్చును. త్వరపడి విత్తనము తీసికొన్నచో ఏటేట ఆకు తగ్గి పూత పెరుగును.

గింజను దాచుట

గింజను చెరచునవి తేమ, వేడిమి. గింజలోని తేమ నూటికొక వంతు తగ్గిన కొలది దాని ఆయుర్దాయము సుమారు రెట్టింపగునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సొర, గుమ్మడి గింజను వంచినపుడు వంగక పుటుక్కున విరిగినచో ఆరినదని తెలియవలెను. కడిగిన గింజను మొదట నీడను, పిమ్మట ఉదయపు ఎండలో ఆరబెట్టవలెను. మధ్యాహ్నపు మండుటెండలో తడిగింజ ఉడికినట్లగును. పూర్వులు సొరగింజను సొరబుర్రలోనే ఉంచి దూలమునకు వ్రేలాడగట్టిరి, దోసగింజను పేడపిడకలో అదిమి గోడకు చరచిరి. పొగ తగులుచోట నుండుటచే పురుగు సోకకుండెను. నేటి కప్పులకు పొగ లేదు. గట్టి మూతగల గాజుసీసాయో డబ్బాయో తీసికొని, అడుగున వేయించి చల్లార్చిన బియ్యము గుప్పెడు పోసి, దానిపై గుడ్డసంచులలో గింజనుంచినచో తేమను బియ్యము పీల్చుకొనును. ప్రతి సంచిలో రకము పేరు, తీసిన సంవత్సరము వ్రాసిన చీటి వేయవలెను. ముసలమ్మకు గింజలన్నియు గుర్తే. ఆమె తరువాత ఆ సీసా విప్పువారికి ఏ గింజ ఏదియో తెలియక అంతయు పారబోసిన ఇండ్లు పెక్కు.

ఒక్క యింటనే ఉంచుటయు క్షేమము కాదు. కూతురు అత్తవారింటికి కొంత, పొరుగూరి బంధువునకు కొంత ఇచ్చియుంచినచో, ఒకచోట తీగ చచ్చినను మరియొకచోటి నుండి తెచ్చుకొనవచ్చును. 2001లో చేయబడిన మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము రైతు తాను పండించిన విత్తనమును దాచుకొనుటకు, మరల విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముకొనుటకును హక్కు గలదు. ఆ చట్టమున రక్షణ పొందిన రకముల విత్తనమును పేరుముద్ర వేసిన పొట్లములలో అమ్ముట మాత్రము కూడదు. తరతరములుగ ఒక కుటుంబమో ఒక ఊరో కాపాడిన రకమును తమ పేర నమోదు చేయించుకొనుటకును ఆ చట్టము అవకాశ మిచ్చుచున్నది. అరుదైన రకము గలవారు రాజేంద్రనగరులోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రమునకు తెలుపవచ్చును. ఆ సంస్థ ఢిల్లీలోని తన విత్తన భాండాగారమున గింజలను సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో భద్రపరచుచున్నది. అయితే అచ్చటి గింజ నిద్రించుచుండును. ఏటేట మారు ఎండలకు వానలకు అలవడుచుండునది దొడ్డిలోని గింజయే.

తొలకరికి పక్షము ముందు దాచిన గింజను పరీక్షింపవలెను. ప్రతి రకమునుండి ఇరువది గింజలు తీసి, తడిపి పిండిన గుడ్డలో వరుసగ పరచి చుట్టి, వెచ్చని చోట ఉంచి, ఆరకుండ నీరు చిలుకరింపవలెను. దోస, చిక్కుడు నాలుగైదు దినములలో, వంగ, మిరప పది దినములకు పైగ మొలచును. ఇరువదింట పదునాలుగు మొలచినచో గింజ మంచిది. పది మొలచినచో పాదుకు రెట్టింపు గింజ వేయవలెను. ఐదింటికి తగ్గినచో ఆ యేటనే ఉన్నదంతయు విత్తి, మొలచిన ప్రతి మొక్కను విత్తనమునకే విడువవలెను. ఆ యేడు ఆ రకపు కాయను కూరకు కోయరాదు.